తెలియనిదానికి లెక్క కట్టుట

కోవిల్పట్టి, సాత్తూరు, శివకాశి పరిసరములందలి నల్లరేగడి పల్లెలలో తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా కాపురమున్నవి. వాన తప్పిన యేడు ఆ యిండ్లలో అనేకులకు కూడు పెట్టునది అగ్గిపెట్టెల పని. ఇంటింటను అంత పరిచితమైన ఆ చిన్న వస్తువునందు ఒక మహత్తరమైన సాంకేతిక వివేకము ఇమిడియున్నదని తలచువారు అరుదు. పంతొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ల అగ్గిపుల్లల తలపై, మంటను పెంచు క్లోరేటును, నిప్పు పుట్టించు తెల్ల భాస్వరమును కలిపి అంటించెడివారు. అందుచేత అవి ఏ గరుకు తలమునకు తాకినను, జేబులో రాచుకొన్నను భగ్గుమనుచుండెడివి. 1844లో స్వీడను దేశపు రసాయనజ్ఞుడు గుస్తావ్ ఎరిక్ పాష్ తెల్ల భాస్వరమునకు మాఱుగా ఎఱ్ఱ భాస్వరమును గైకొని, దానిని పుల్లనుండి తప్పించి గీయు తలమునకు చేర్చెను. క్లోరేటు పుల్లమీదనే నిలిచెను. అపాయకరమైన రెండు ద్రవ్యములను విడదీసి, మన చేయి కోరినప్పుడు మాత్రమే అవి కలియునట్లు ఏర్పఱచుటయే ఆయన చేసిన గొప్ప పని.

ఒక దేశము తన సైన్యమునకై క్రొత్త ఆయుధమును సమకూర్చుకొన బూనినప్పుడు అట్టి వివేకమే, ఇంతకంటె మిక్కిలి క్లిష్టమైన రూపమున, అవసరమగుచున్నది. అంగడిలో దొరకు వస్తువును బేరమాడి కొనుట వేఱు. ఇంకను పుట్టని వస్తువునకు ధరయు, గడువును, గుణములును ముందుగనే నిర్ణయించి, ఆ గడువునాటికి అది చేతికందునని నమ్మి సేనాపతులు తమ వ్యూహములను రచించుకొనుట వేఱు. ఈ రెండవ వ్యాపారమున అడుగడుగునను పొంచియుండునదే సాంకేతికమైన ముప్పు. తలపెట్టిన లోహము దొరకకపోవచ్చును. దొరికిన లోహము అనుకొన్న వేడికి ఓర్వకపోవచ్చును. విడివిడిగా చక్కగా పనిచేసిన రెండు యంత్రములు ఒకచోట బిగించినంతనే ఒకదానినొకటి చెఱచుకొనవచ్చును. అన్నియు కుదిరియు, కుదురునప్పటికి శత్రువు ఆయుధమే మాఱిపోయియుండవచ్చును.

ఈ ముప్పును అంకెలలో చూచినచో దాని స్వభావము బోధపడును. ఒక క్షిపణిలో అయిదు క్రొత్త భాగములున్నవనియు, ప్రతిదియు సఫలమగుటకు నూటికి 80 పాళ్లు అవకాశమున్నదనియు, ఒకదాని జయాపజయములతో మఱియొకదానికి సంబంధము లేదనియు అనుకొందము. నూటికి 80 అనగా ఆశావహమైన సంఖ్యయే గదా యని ఎవరికైనను తోచును. కాని అయిదును కలసి సఫలమైననే గాని క్షిపణి ఎగురదు. ఆ అవకాశములను ఒకదానితో నొకటి హెచ్చించుకొని పోగా తుదకు మిగులునది నూటికి 33 పాళ్లు మాత్రమే. అదే క్షిపణిలో నాలుగు భాగములు ముందే పరీక్షింపబడి నూటికి 99 పాళ్లు నమ్మదగినవైయుండి, ఒక్కటి మాత్రమే 80 పాళ్ల క్రొత్తదైనచో, మొత్తపు అవకాశము 77కు చేరును. శాస్త్రజ్ఞుల ప్రతిభయందుగాని, వెచ్చించిన ధనమునందుగాని భేదము లేకున్నను, తెలియని సంగతులను ఒక్క పర్యాయమే తలకెత్తుకొనుటకును, ఒకదాని వెనుక నొకటిగా ఎదుర్కొనుటకును నడుమ ఇంత అంతరమున్నది. ఆయుధ నిర్మాణ చరిత్రలో నేను ముఖ్యమని తలచు సత్యము ఇదియే. దానిని పుస్తకములలో వెదకుటకంటె హైదరాబాదు నగరపు కంచన్‌బాగులో, రక్షణ పరిశోధనాభివృద్ధి ప్రయోగశాలలో జరిగిన దానిని పరిశీలించి గ్రహించుట మేలు.

ఆ ప్రయోగశాల కథకు ముందు శ్రీహరికోట కథ కొంత చెప్పవలసియున్నది. 1979 ఆగస్టు 10వ తేదీన నాటి నెల్లూరు తీరమునుండి ఎస్ఎల్‌వీ-3 అను ఉపగ్రహ వాహనము తొలిసారి ఎగిరెను. మా తూత్తుకుడి తీరమునకు ఉత్తరముగా నున్న రామేశ్వరమున పుట్టిన అబ్దుల్ కలాముగారు ఆ పథకమునకు నాయకులు. ప్రయోగమునకు కొద్ది నిమిషముల ముందు కంప్యూటరు ఆగుమని సూచించెను; రెండవ దశను అదుపుచేయు ఏర్పాటులో ఆమ్లము కాఱుచున్నది. నిపుణులు లెక్కచూచి, మిగిలిన నిలువ చాలునని అభిప్రాయపడగా, నాయకులు ఆ సూచనను ప్రక్కకు త్రోసి ముందుకు సాగిరి. మొదటి దశ చక్కగా మండెను. రెండవ దశలో అదుపు తప్పి, ఎగిరిన 317 సెకన్లకు వాహనము బంగాళాఖాతమున కూలిపోయెను. ధూళి చేరిన యొక చిన్న కవాటము మూసికొనక, ఎఱ్ఱపొగల నత్రికామ్లము కాఱిపోవుటయే కారణమని పిదప తేలినది. మఱుసటి యేడు జూలై 18న అదే వాహనము రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. ఈ రెండు దినములును ఆ నాయకుని మనస్సులో ఎట్టి ముద్ర వేసినవో పది సంవత్సరముల తరువాత గాని లోకమునకు తెలియలేదు.

కంచన్‌బాగులో అంతకు ముందే ఒక భగ్నప్రయత్నము జరిగియుండెను. సోవియట్ దేశమునుండి కొనిన ఎస్ఏ-2 అను విమాన విధ్వంసక క్షిపణిని విప్పి, కొలిచి, అట్టిదానినే స్వయముగా చేయవలెనను సంకల్పముతో 1972లో 'డెవిల్' అను పథకము ఆరంభమైనది. 1980 నాటికి అది మూతపడెను. సైన్యమునకు ఆ పథకమునుండి ఒక్క క్షిపణియు దక్కలేదు; పత్రికలకు అది అపజయము. కాని ద్రవేంధనముతో మండు ఇంజనును రూపొందించి, పరీక్షాస్థానమున నిలిపి మండించి చూచు విద్య ఆ ప్రయోగశాలకు దానివలననే అబ్బినది. ఇట్టి విద్య ఏ ఆదాయవ్యయ పట్టికకును ఎక్కదు గనుక, మూతపడిన పథకములను తీర్పు తీర్చువారు దానిని సాధారణముగా మఱచిపోవుదురు.

1982లో కలాముగారు ఆ ప్రయోగశాలకు అధిపతిగా వచ్చిరి. క్షిపణులను ఒకదాని వెనుక నొకటిగా నిర్మింపవలెనని శాస్త్రజ్ఞులు పథకము సిద్ధపఱచుకొని ఢిల్లీకి పోగా, రక్షణమంత్రి ఆర్. వెంకటరామన్‌గారు అన్నిటిని ఏకకాలమున చేపట్టరాదా యని అడిగిరని కలాముగారు తమ ఆత్మకథలో వ్రాసిరి. 1983 జూలైలో 388 కోట్ల రూపాయల వ్యయముతో సమగ్ర క్షిపణి నిర్మాణ పథకము మొదలైనది. నేలనుండి నేలకు పోవు పృథ్వి, తక్కువ దూరపు విమానములను కూల్చు త్రిశూల్, అంతకంటె దూరపు వానిని కూల్చు ఆకాశ్, ట్యాంకులను ఛేదించు నాగ్, దూరగామియగు అగ్ని: ఇవి అయిదు. మంత్రిగారి ధైర్యమును నేను శ్లాఘింతును. ఆ నిర్ణయము లేకున్నచో 1987లో ధనికదేశములు క్షిపణి సాంకేతిక విద్యపై నిషేధము విధించునాటికి మనము ఇంకను మొదటి మెట్టుమీదనే నిలిచియుండెడివారము. అయినను ఆ నిర్ణయము తెలియనివానినన్నిటిని ఒకే కాలమున, ఒకే కొలది నిపుణుల భుజములపై పెట్టినదనుటయు సత్యమే. అటుపిమ్మట ఒక్కొక్క క్షిపణియు తన కడుపులో ఎన్ని తెలియనివానిని మోసెనో, దానినిబట్టియే దాని భాగ్యము నిర్ణయమైనది.

పృథ్వి సంగతి సులభముగా చెప్పవచ్చును. దాని ఇంజను డెవిల్ పథకపు సంతానము. వాతావరణమును దాటి తిరిగి వచ్చు పరీక్ష దానికి తప్పినది. దూరము 150 కిలోమీటర్లు. క్రొత్తదనమంతయు దారిని తానే లెక్కించుకొను మార్గదర్శక వ్యవస్థయందే యుండెను. 1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోటనుండి తొలిసారి ఎగిరి సఫలమైనది. 1990 దశకము నడుమకు సైన్యమున చేరినది.

అగ్ని విషయము తీరికగా చెప్పదగినది. వేయి కిలోమీటర్లకు పైగా పోవు క్షిపణి మొదట ఆకాశపు టంచునకు ఎగసి, అక్కడినుండి మహావేగమున గాలిలోనికి మరల దూకవలెను. ఆ వేగమునకు ముందున్న గాలి తప్పుకొనుటకు వ్యవధి లేక నలిగి, చిక్కబడి, నిప్పువలె కాగును. శిఖరభాగపు వెలుపలి వేడిమి 2,500 డిగ్రీలను మించును. ఇనుము అంతకంటె ఎంతో తక్కువ వేడిలోనే కరగిపోవును. లోపలనున్న సాధనములో, మామూలు వేడిమిలో తప్ప పనిచేయవు. దీనికి పరిష్కారముగా శాస్త్రజ్ఞులు కార్బన్-కార్బన్ అను పదార్థమును ఎన్నుకొనిరి. బొగ్గుదారములను అల్లి ఆకారము తీర్చి, అల్లికల నడుమ సందులలో జిగురు నింపి, గాలి సోకని కొలిమిలో కాల్చి ఆ జిగురును బొగ్గుగా మార్చుదురు. కాల్చినపుడు మరల సందులు పుట్టును, మరల నింపుదురు, మరల కాల్చుదురు. వేడి పెఱిగినకొలది బలహీనమగు లోహములవలె గాక, ఈ పదార్థము మిక్కుటమైన వేడిలోను తన బలమును నిలుపుకొనును. పైపొర మెల్లగా అరిగిపోవుచు తనతో వేడిని కొనిపోవును. ఇది ఆనాడు మనకు పూర్తిగా తెలియని విద్య. తెలిసిన దేశములు నేర్పవు.

ఈ యొక్క పెద్ద సంశయము చుట్టును అగ్ని నాయకులైన రామ్ నారాయణ్ అగర్వాల్‌గారును వారి సహచరులును ఏమి చేర్చిరో గమనింపుడు. మొదటి దశకు ఎస్ఎల్‌వీ-3 వాహనపు ఘనేంధన మోటారును గైకొనిరి. అది 1979, 1980, 1981, 1983 సంవత్సరములలో నాలుగు పర్యాయములు ఎగిరి ఒక్కమాఱైనను మాట తప్పనిది. రెండవ దశకు పృథ్వి ఇంజనుల విద్యను గైకొనిరి. అదియు అంతకు పదునైదు నెలల ముందే గగనమున పరీక్షింపబడినది. ఒకటి ఘనము, ఒకటి ద్రవము, చూచుటకు అతుకులబొంతయే. సేనకు అట్టి ఆయుధము అనుకూలము కాదు, ఏలయన ద్రవేంధనముతో మెలగుటకు యుద్ధరంగమున తీరిక యుండదు. కాని ఆ క్షిపణిని ఆయుధముగా నెవరును సేనకు వాగ్దానము చేయలేదు. అది సాంకేతిక ప్రదర్శనమని మొదటనే స్పష్టముగా పేర్కొనిరి. అది సమాధానము చెప్పవలసిన ముఖ్యప్రశ్న ఒక్కటే: గాలిలోనికి తిరిగి దూకి బ్రదుకగలమా, లేదా? తెలిసినవానిని ఒక ప్రక్కను, తెలియనిదానిని ఒక ప్రక్కను ఇంత శుద్ధముగా విడదీసిన నిర్మాణము మన దేశపు ఆయుధ చరిత్రలో మఱియొకటి నాకు కనబడలేదు.

1989 ఏప్రిల్ 20న ఒడిశా తీరమందలి చాందీపురమున అగ్ని నిలిచియుండగా, ఎగురుటకు 14 సెకన్లున్నదనగా కంప్యూటరు ఆగుమనెను. ఒక సాధనము తప్పుగా పలుకుచుండెను, దానిని సరిదిద్దునంతలో మఱికొన్ని చిక్కులు తలెత్తినవి, ప్రయోగము వాయిదాపడెను. మే 1న 10 సెకన్లకు ముందు మరల అదే ఆజ్ఞ. మొదటి దశ దిశను మార్చు భాగమొకటి తగినట్లు కదలలేదు. పత్రికలు ఎగతాళి చేసినవి, వ్యంగ్యచిత్రములు వెలువడినవి, దేశమంతయు చూచుచుండెను. 1979లో యంత్రపు మాటను కాదనిన నాయకుడే ఇప్పుడు రెండుమాఱులును దాని మాటకు తలయొగ్గెను. ఎగురవలెనా వలదా యను నియమమును ముందుగా, తొందర లేని వేళ, నిర్ణయించి కంప్యూటరులో పొందుపఱచి, తుది నిమిషమున అవమానభయముగాని, అలసటగాని, పెద్దల నిరీక్షణగాని దానిని మార్చకుండ నిలుపుకొనుట సామాన్యమైన నిగ్రహము కాదు. మే 22వ తేదీ ఉదయము అగ్ని ఎగిరినది. శిఖరభాగము తిరిగివచ్చు మంటను ఓర్చుకొన్నది. 1992 మే నెలలోని రెండవ ప్రయోగము విఫలమైనది. 1994 ఫిబ్రవరిలోని మూడవది సఫలమైనది. రెండు దశలును ఘనేంధనమేయైన అగ్ని-2, సైన్యమునకు ఉపయోగపడు రూపమున, 1999 ఏప్రిల్ 11న గాని గగనమెక్కలేదు.

త్రిశూల్ కథ వేఱు. అది 1985 సెప్టెంబరులోనే, అయిదింటిలో మొట్టమొదట, ఎగిరినది. ఆ తొలి శుభమే దానిని గూర్చిన ఆశలను మితిమీఱ పెంచినదేమో. భూసేనయు, వాయుసేనయు, నౌకాసేనయు ఒకే క్షిపణిని తమతమ అవసరములకు కోరినవి. సముద్రతలమును రాచుకొనుచు వచ్చు శత్రుక్షిపణిని కూల్చుటకు నౌకాసేన ముఖ్యముగా దానిపై ఆధారపడెను. అలల ప్రతిఫలనముల నడుమ శత్రుక్షిపణిని గుర్తించుట, తన క్షిపణిని రాడారు కిరణములతో వెంటనంటి నడిపించుట, అంతయు కొలది సెకన్లలో ముగించుట: ఇవన్నియు ఒక్కటొక్కటే ఒక పథకమునకు చాలినంత క్రొత్తవి. పైగా ఇది అగ్నివలె ప్రదర్శనము కాదు. గడువుతో కూడిన వాగ్దానము. గడువులు జరుగుచుండగా యుద్ధనౌకలు తగిన రక్షణ లేక నిలిచినవి. 2000లో నౌకాసేనకై ఇజ్రాయెలు దేశపు బరాక్ క్షిపణిని కొనవలసివచ్చినది. సమగ్ర పథకము ముగియు 2008 నాటికి త్రిశూల్ సాంకేతిక ప్రదర్శనముగా మాత్రమే మిగిలెను. మొదటనే ఆ పేరు పెట్టి, నౌకలకు వేఱొక దారి చూచియున్నచో, అదే శ్రమ, అదే విద్య గౌరవప్రదముగా నిలిచియుండెడిది.

నాగ్ తన ముక్కున మోయు ఉష్ణనేత్రమే దాని చిక్కు. విడిచిన పిమ్మట సైనికుడు మరల దానిని చూడనక్కఱలేక, ట్యాంకు నుండి వెలువడు వేడి చిత్రమును చూచి తానే పోయి తగులుట దాని లక్షణము. చల్లని వేళ ఇది చక్కగా సాగును. రాజస్థాన్ ఎడారిలో వేసవి మధ్యాహ్నమున ఇసుకయు, రాయియు, ట్యాంకు ఉక్కును ఇంచుమించు ఒకే వేడికి చేరగా, నాలుగు కిలోమీటర్ల దూరమునుండి ఆ కంటికి ట్యాంకు తన పరిసరములలో కలిసిపోవును. ప్రయోగశాలలో నిలిపి చూచిన కన్నునకు ఈ బాధ తెలియదు. ఆయుధమును అది పోరాడవలసిన చోటనే, పోరాడవలసిన ఋతువునందే పరీక్షింపవలెననుటకు ఇంతకంటె నిదర్శనమక్కఱలేదు. 1983లో మొదలైన నాగ్, పోఖ్రాన్‌లో తుది సైనిక పరీక్షను ముగించినది 2020 అక్టోబరులో.

తెలియనివానిని లెక్కించుటకు ఇతర దేశములును ఆలస్యముగనే నేర్చుకొన్నవి. 1974లో అమెరికా అంతరిక్ష సంస్థయందు స్టాన్ సాడిన్ అను శాస్త్రజ్ఞుడు ఒక సాంకేతిక విద్య ఎంత పండినదో కొలుచుటకు మెట్లను ఏర్పఱచెను; తొలుత ఏడు, పిదప తొమ్మిది. ఊహ కాగితముపై నున్నచో అడుగుమెట్టు. ప్రయోగశాలలో పనిచేసినచో నడిమి మెట్టు. తగిన పరిసరములందు నమూనా పనిచేసినచో ఆఱవది. నిజమైన కార్యమున జయించినచో తొమ్మిదవది. 1999లో అమెరికా ప్రభుత్వపు లెక్కల తనిఖీ కార్యాలయము ఆయుధ పథకములను పరిశీలించి, ఏడవ మెట్టు ఎక్కని విద్యతో ఆయుధ నిర్మాణమునకు దిగవలదని హితవు చెప్పినది. రక్షణశాఖ ఆఱవ మెట్టుతో సరిపెట్టుకొన్నది. ఆ యొక్క మెట్టు వెనుక కోట్ల డాలర్ల వాదము నడచినది.

మెట్ల లెక్క లేని కాలముననే అమెరికా నౌకాసేన పోలారిస్ క్షిపణిని గొప్ప వివేకముతో నిర్మించినది. జలాంతర్గామినుండి 1,500 నాటికల్ మైళ్లు పోవలెనని కోరిక. తొలి రూపమునకు 1,200 మైళ్లే సాధ్యమని తేలగా, దానితోనే తృప్తిపడి, 1960 నవంబరులో సముద్రమునకు పంపిరి. కోరిన దూరమును 1962లో రెండవ రూపము అందుకొన్నది. 1964లో మూడవది 2,500 మైళ్లు పోయినది. కోరికను తగ్గించుకొనుటకు సేనాపతులు మొదట ఒప్పుకొన్నందుననే, తుదకు కోరినదానికంటె ఎక్కువ లభించినది.

మన ఆకాశ్ క్షిపణి నడచిన దారి దీనికి దగ్గఱగా నున్నది. గాలిని తానే లోనికి పీల్చుకొని తుదివఱకు మండు ఇంజనును, అనేక లక్ష్యములను ఒకేమాఱు చూచు రాజేంద్ర రాడారును దానికి అవసరమైనవి. ఆ రాడారునకు కిరణమును కదలక మెదలక తిప్పు ఫెర్రైట్ పరికరములు వేలకొలది కావలెను. వానిని పరదేశములు అమ్మవు. ఢిల్లీలోని ఐఐటీయందు ఆచార్య భారతీ భట్ గారు ఆ విద్యను వేఱుగా, క్షిపణి గొడవలకు దూరముగా, సాధించిరి. ఒక విశ్వవిద్యాలయపు గదిలో విఫలమైనచో పోవునది కొలది ధనమును, కొలది నెలలును. అదే వైఫల్యము ప్రయోగవేదికపై తలయెత్తినచో ఎంత నష్టమో చెప్పనక్కఱలేదు. తనంతట తాను లక్ష్యమును చూచు కన్నును మొదటి ఆకాశ్‌కు అమర్పలేదు. నేలమీది రాడారే దానిని నడిపినది. అట్లే 2015లో అది వాయుసేనయందును భూసేనయందును లాంఛనముగా చేరినది. కన్ను గల ఆకాశ్ ప్రైమ్ తొలిసారి ఎగిరినది 2021 సెప్టెంబరులో. అప్పటికి మిగిలినదంతయు తెలిసిన విద్యయే.

ఇప్పుడు మా తూత్తుకుడి జిల్లాలోని కులశేఖరపట్టణమున ఒక రాకెట్టు కేంద్రము లేచుచున్నది. 2024 ఫిబ్రవరి 28న దానికి శంకుస్థాపన జరిగినది. శ్రీహరికోటనుండి దక్షిణముగా ధ్రువకక్ష్యకు పోవు వాహనము సింహళద్వీపమును తప్పించుకొనుటకు ప్రక్కకు వంగి పోవలసియుండగా, ఇక్కడినుండి తిన్నగా పోవచ్చును. చిన్న వాహనమునకు ఆ మలుపులో వ్యయమగు ఇంధనమే పెద్ద భారము. ఇది సైనికకార్యము కాదు. కాని ఇక్కడినుండి ఎగురవలసిన ఎస్ఎస్ఎల్‌వీ యను చిన్న వాహనము మన ప్రశ్నకు చాల దగ్గఱిది. 2022 ఆగస్టు 7న అది తొలిసారి ఎగిరినపుడు మూడు ఘనేంధన దశలును చక్కగా మండినవి. రెండవ దశ విడిపోవునప్పటి కుదుపు, సెకనులో స్వల్పభాగము, అనుకొన్నదానిని మించుటచేత, వేగములోని మార్పును కొలుచు సాధనములు తమ మితిని దాటి పలికినవి. కంప్యూటరు అవి చెడినవని భావించి వానిని త్రోసిపుచ్చినది. ఉపగ్రహములు 356 కిలోమీటర్ల వృత్తకక్ష్యకు బదులు, భూమికి 76 కిలోమీటర్ల చేరువకు దిగు కక్ష్యలో పడి నశించినవి. ఇంజనులలో వెదకిన ముప్పు, రెండు దశలు కలియు సంధిలో దాగియుండెను. విడదీయు ఏర్పాటును మార్చి, కంప్యూటరు నియమములను సవరించి, 2023 ఫిబ్రవరి 10న మరల ఎగురవేయగా వాహనము సఫలమైనది. 2024 ఆగస్టులోని మూడవ ప్రయోగముతో అభివృద్ధి దశ ముగిసినది.

2025లో ఆ వాహనపు విద్యను గ్రహించి నిర్మించుటకు హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ ఎంపికైనది. చిత్రపటములు, కొలతలు, పదార్థముల పేర్లు ఒక చేతినుండి మఱియొక చేతికి సులభముగా మాఱును. ఒక బిగింపును అంతే బిగించుటకు కారణమైన 2022 నాటి కుదుపు రేఖలు, వానిని చూచి ఇంజనీర్లు చేసికొన్న నిర్ణయములు, పనికిరాదని విడిచిన మార్గములు కూడ ఆ పటములతో పాటు పోవలెను. కంచన్‌బాగులో పుట్టిన క్షిపణులు ఆ నగరముననే యున్న భారత్ డైనమిక్స్ కర్మాగారమునకు మాఱినపుడు, రూపొందించినవారును నిర్మించువారును ఒకే ఊరివారగుటచేత అట్టి వాడుకజ్ఞానము ఎదుటెదుట కూర్చుండి చెప్పుకొన వీలైనది. కులశేఖరపట్టణమునకు వచ్చు వాహనము విషయమున ఆ సామీప్యము లేదు గనుక, విఫలప్రయోగపు వ్రాతపత్రములనే మొట్టమొదట అడిగి తీసికొనవలసినదని నా దృఢాభిప్రాయము.